పావురానికి కాపు, డేగకు బతుకు

పావురాన్ని డేగ తన్నుకుపోతే పెంచినవాడికి కలిగేది డబ్బు నష్టం ఒక్కటే కాదు. గుడ్డు దశ నుంచి కనిపెట్టుకుని ఉన్న పక్షి అది. రెక్కలు వచ్చాక ఎగరడం, ఇల్లు గుర్తుపట్టడం, పిలిస్తే దిగడం నేర్పిన పక్షి. అంతటి శ్రమ రెప్పపాటులో పోతుంది. జంటలో ఒకటి పోతే గూట్లోని పిల్లలకు మేత సగమవుతుంది. బెదిరిపోయిన మిగతా గుంపు రోజుల తరబడి డాబా మీద దిగడానికే జంకుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో గిరెబాజ్ పావురాలు ఎగరేసేవాళ్ళకైనా, చెన్నైలో పందెం హోమర్లు పెంచేవాళ్ళకైనా, పల్లెలో పెరటి గూట్లో నాలుగు జతలు ఉంచుకున్న రైతుకైనా ఈ బాధ ఒక్కటే.

బాధ పాతదే. అక్బరు కొలువులో ఇరవై వేలకు పైగా పావురాలు ఉండేవని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. అదే కొలువులో వేట డేగలనూ అంతే మక్కువతో సాకారు. ఆ రెండు పక్షులనూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా చూడటం పెంచేవాళ్ళ పని. మన కాలంలోనూ సమస్య అదే. డేగ ఎవరి అదుపులోనూ లేకుండా ఆకాశంలో స్వేచ్ఛగా తిరుగుతోంది, అంతే తేడా.

పావురాల్ని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్నకు ఇప్పటిదాకా ఐదు రకాల జవాబులు వచ్చాయి: డేగను చంపడం, పట్టి దూరంగా వదలడం, బెదిరించడం, గూటిని గట్టిచేయడం, ఎగరేసే పద్ధతి మార్చుకోవడం. మొదటి రెండు దారులు అన్యాయమైనవే కాదు, పనికిరానివి కూడా. మూడోది కొద్దిరోజుల ఉపశమనం. నిజమైన రక్షణ చివరి రెండింటిలోనే ఉంది. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

దాడి చేసేదెవరు?

పెంపకందార్లు సాధారణంగా ‘డేగ’ అనో ‘బాజ్’ అనో ఒకే మాటతో చెప్పే పక్షుల్లో చాలా జాతులు ఉన్నాయి. వాటి వేట తీరు తెలియకపోతే రక్షణ ఏర్పాటు గురి తప్పుతుంది.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది శిక్రా. పావురమంతే ఉంటుంది. పొట్టి గుండ్రని రెక్కలు, పొడుగాటి తోక. వేపచెట్టులోనో మామిడిచెట్టులోనో ఆకుల చాటున కూర్చుని, అదను చూసి ఒక్కసారిగా దూసుకొస్తుంది. తొండలు, మిడతలు, చిన్న పిట్టలు దాని మామూలు తిండి. పావురం దానికి బరువైన వేటే. అయితే వేటపక్షుల్లో ఆడది మగదానికంటే పెద్దది. ఆడ శిక్రా పావురపు పిల్లనూ, నీరసించినదాన్నీ పట్టగలదు. ఇది గూటి దగ్గర, డాబా మీద జరిగే దాడి.

బైరి డేగ, అంటే పెరిగ్రిన్ ఫాల్కన్, పూర్తిగా వేరు. అది చాటు నుంచి రాదు, పైనుంచి వస్తుంది. నిట్టనిలువుగా దిగేటప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. పావురాలు దానికి ఇష్టమైన ఆహారం. దీనిలో మన దేశపు రకం షాహీన్. అది రాతి కొండల చరియల్లో కాపురముండి డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య పిల్లల్ని చేస్తుంది. వీటికి తోడు ఉత్తరాది చలి ప్రాంతాల నుంచి వలస బైరి డేగలు శీతాకాలంలో మన వైపు వస్తాయి. ఇది ఆకాశంలో జరిగే దాడి. దీనికి గూటి జాలీ అడ్డురాదు.

రాతిగుట్టల దగ్గర బోనెల్లీ గరుడ కూడా పావురాల్ని వేటాడుతుంది. నల్లగద్ద ఎక్కువగా చచ్చినవాటినీ చెత్తలో దొరికినవాటినీ తింటుంది. తెరిచిన గూట్లో పిల్లలు కనిపిస్తే మాత్రం వదలదు. రాత్రి వేళ కొమ్ముల గుడ్లగూబ తలుపులేని గూటికి ప్రమాదమే.

మరోవైపు, నింద మోసే అమాయక పక్షులూ ఉన్నాయి. పొలాల మీద గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలాడించే కెస్ట్రెల్, పల్లెల్లో అడవి రామదాసు అని పిలిచే తెల్లని చిన్న గద్ద, చెరువుల మీద తిరిగే బ్రాహ్మణి గద్ద ముఖ్యంగా ఎలుకలు, తొండలు, పురుగులు, చేపలు తిని బతికేవి. వంకర ముక్కున్న ప్రతి పక్షీ పావురాలకు శత్రువు కాదు.

నష్టం ఎంత, ఎవరివల్ల?

ఈ విషయాన్ని బ్రిటన్‌లో శ్రద్ధగా లెక్క తీశారు. పందెం పావురాలు అక్కడ చాలామందికి వ్యాపకం. డేగల మీద ఫిర్యాదులూ అక్కడ ఎక్కువే. ఆ ఫిర్యాదుల మీద 2000 ప్రాంతంలో ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, పోయిన పందెం పావురాల్లో పెద్ద వాటా దారితప్పినవి, అలసి ఆగిపోయినవి. తర్వాతి స్థానం గోడలకు, అద్దాలకు, కరెంటు తీగలకు కొట్టుకున్నవాటిది. డేగల వాత పడినవి సుమారు ఏడో వంతు.

ఏడో వంతు చిన్న సంగతేమీ కాదు. అయితే మిగిలిన ఆరు వంతుల సంగతి పట్టించుకోకుండా కోపమంతా డేగ మీదే పెడితే గూడు నిండదు. మన దగ్గర ఈ జాబితాకు పిల్లి, ముంగిస, పాము, పందికొక్కు కలపాలి. సంక్రాంతి రోజుల్లో మాంజా కూడా. నైలాన్ మాంజాను, గాజుపొడి పూసిన సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా పండుగ వచ్చిందంటే ఆ దారాలు ఇంకా రెక్కలు కోస్తూనే ఉన్నాయి. సాయంత్రం లెక్కకు రెండు పావురాలు తగ్గితే, చూడకుండానే డేగ ఖాతాలో రాయడం తేలిక. కారణం తేల్చుకోకుండా చేసే ఖర్చు వృథా.

చంపిన చరిత్ర

డేగల్ని చంపడం ద్వారా పావురాల్ని కాపాడాలన్న ప్రయత్నం ప్రభుత్వ ఆదేశంతోనే ఒకసారి జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ బాంబర్ విమానాల్లో వార్తాహర పావురాల్ని తీసుకెళ్ళేవారు. విమానం సముద్రంలో కూలితే కబురు మోసుకురావడం వాటి పని. ఆ పావురాల్ని బైరి డేగలు పట్టేస్తున్నాయని 1940లో వాటిని చంపడానికి ఉత్తర్వు జారీ అయింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 600 డేగల్ని చంపారు. యుద్ధం తర్వాత వాటి సంఖ్య మళ్ళీ పుంజుకోసాగింది. చంపుడు ఆగగానే ఖాళీ అయిన కొండచరియల్లోకి కొత్త జంటలు చేరాయి.

దాని తర్వాతి అధ్యాయం ఇంకా ముఖ్యం. 1960లో బ్రిటన్ పావురాల పెంపకందార్లు బైరి డేగలు మితిమీరి పెరిగిపోయాయని, వాటికున్న చట్టరక్షణ ఎత్తేయాలని ప్రభుత్వాన్ని కోరారు. నిజమెంతో తేల్చడానికి దేశమంతటా సర్వే చేశారు. ఆ పనికి సారథి డెరెక్ రాట్‌క్లిఫ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు. డేగలు పెరగడం మాట అటుంచి, కుప్పకూలుతున్నాయని సర్వేలో బయటపడింది. 1963 నాటికి యుద్ధానికి ముందున్న సంఖ్యలో సగం కూడా మిగల్లేదు. విత్తనాలకు పట్టించిన డీల్‌డ్రిన్ వంటి మందులు గింజ తిన్న పావురాల ఒంట్లో చేరి, పావురాన్ని తిన్న డేగను చంపుతున్నాయి. డీడీటీ వల్ల డేగ గుడ్ల పెంకు పలచబడి, పొదుగుతున్న తల్లి కిందే పగిలిపోతోందని రాట్‌క్లిఫ్ 1967లో ప్రకటించాడు. అదే విత్తన మందులకు ఆ రోజుల్లో పొలాల్లో పావురాలు కూడా గుట్టలుగా చచ్చిపడ్డాయి. అంటే పావురానికీ డేగకూ శత్రువు ఒక్కటే. డేగ కనిపించడం మానేసిందంటే పావురం తినే గింజలోనూ విషం ఉందేమో చూసుకోవాలన్నది ఆ సర్వే నేర్పిన పాఠం.

అమెరికాలో మరో ఉదంతం ఉంది. అక్కడ రోలర్ పావురాలనే పల్టీ పావురాల్ని ఎగరేసే క్లబ్బులు ఉన్నాయి. ఈ పావురాలు ఎగురుతూనే గిరగిరా పల్టీలు కొడుతూ కిందికి జారతాయి. ఆ కదలిక డేగ కంటికి గాయపడిన పక్షిలా కనబడుతుంది. అందుకే కూపర్స్ హాక్ వంటి డేగలు వాటి వెంట పడతాయి. కోపంతో కొందరు సభ్యులు డేగల్ని బోనుల్లో పట్టి కొట్టి చంపారు, తుపాకులతో కాల్చారు. అమెరికా వన్యప్రాణి శాఖ రహస్య దర్యాప్తు జరిపి 2007లో పలు రాష్ట్రాల్లో వాళ్ళ మీద కేసులు పెట్టింది. ఒక్క లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోనే ఏటా వెయ్యి నుంచి రెండు వేల డేగలు ఇలా చచ్చి ఉంటాయని అధికారుల అంచనా. అంత చంపినా డేగల దాడులు ఆగలేదు. ఆగి ఉంటే ప్రతి ఏడూ చంపాల్సిన అవసరమే ఉండేది కాదు.

దీని వెనక కారణం సులభంగానే అర్థమవుతుంది. వేట బాగా దొరికే చోటుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సొంత చోటు దొరకని వయసు డేగలు చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటాయి. ఉన్నదాన్ని తీసేస్తే ఆ ఖాళీలోకి ఇంకొకటి వస్తుంది. కొత్తగా వచ్చింది కుర్రపక్షి అయితే చురుకైన వేట ఇంకా చేతకాక, తేలిగ్గా దొరికే పెంపుడు పావురాల మీదే ఎక్కువగా పడవచ్చు.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం డేగల్ని కాపాడుతోంది. బైరి డేగ మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని ప్రాణిని వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ ప్రకారం 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. వేటాడటం అంటే కాల్చడం ఒక్కటే కాదు. వల పన్నడం, విషం పెట్టడం, పట్టి బంధించడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ నేరం కిందికే వస్తాయి. పావురాన్ని కాపాడబోయి జైలుపాలు కావాల్సిన అవసరం ఎవరికీ లేదు. డేగ వలలో చిక్కినా, గూట్లో దూరి ఇరుక్కున్నా అటవీ శాఖకు కబురు చేయడమే సరైన పని.

పట్టి దూరంగా వదిలితే?

చంపకుండా దూరం పంపితే సరిపోతుంది కదా అన్న వాదన న్యాయంగానే వినిపిస్తుంది. దాన్నీ పరీక్షించి చూశారు. 2009లో స్కాట్లండ్‌లో ప్రభుత్వ అనుమతితో కొన్ని పావురాల గూళ్ళ దగ్గర స్పారోహాక్‌లను పట్టి దూరంగా వదిలే ప్రయోగం జరిగింది. పట్టుబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. వాటిని తరలించినందువల్ల గూళ్ళలో నష్టం తగ్గిందని చెప్పడానికి ఆధారం దొరకలేదు. రెక్కలున్న ప్రాణికి యాభై మైళ్ళు లెక్కలోది కాదు. అది తిరిగి రాకపోయినా దాని చోటు ఖాళీగా ఉండదు.

బెదిరింపు సాధనాలు

డాబా మీద ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ, మెరిసే సీడీలు, తిరిగే అద్దాల గోపురం, పావురం రెక్కల మీద కంటి బొమ్మలు, పొడవాటి వెదురుకు కట్టిన గుడ్డజెండా, ఈలలు, చప్పట్లు... ఇవన్నీ వాడుకలో ఉన్నవే. చైనాలో పావురం తోకకు వెదురుతోనూ సొరకాయ బుర్రతోనూ చేసిన తేలికపాటి ఈల కడతారు. ఎగురుతుంటే గాలికి అది మోగుతుంది. ఆ మోతకు డేగ బెదురుతుందని బీజింగ్ పెంపకందార్ల నమ్మకం.

బొమ్మలూ అద్దాలూ కొత్తలో పనిచేస్తాయి. ఒకేచోట ఒకేలా ఉంటే డేగ త్వరలోనే వాటికి అలవాటుపడుతుంది. చోటు మారుస్తూ, దాడులు ఎక్కువగా ఉన్న వారాల్లో మాత్రమే బయటికి తీస్తే కాస్త ఎక్కువ కాలం ఉపయోగపడతాయి. వీటన్నిటికంటే మనిషి డాబా మీద నిలబడి ఉండటం మెరుగు. బొమ్మ కదలదు, మనిషి కదులుతాడు.

మన చుట్టూ జీతం లేని కావలివాళ్ళు కూడా ఉన్నారు. డేగ కనబడగానే కాకులు గోలపెడతాయి. పసులపోలిగాడు తనకంటే ఎంతో పెద్దదైన గద్దను కూడా వెంటపడి తరుముతాడు. పెరట్లో పోలిగాడి గూడు ఉంటే కదపకుండా వదిలేయాలి. కాకుల అరుపు మారిందంటే పావురాల్ని దించేయాలి. అనుభవమున్న పెంపకందార్లు ఆకాశం కంటే ముందు కాకుల్ని వింటారు.

మొదటి రక్షణ గూడు

ఖర్చుపెట్టగలిగిన ప్రతి రూపాయీ మొదట గూటికే పోవాలి. కోళ్ళకు వేసే పలచని జాలీ చాలదు. అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేస్తే డేగ గోళ్ళతో పాటు పిల్లి పంజాకూ, పాముకూ, ఎలుకకూ అడ్డుపడుతుంది. పావురాలు జాలీకి ఆనుకుని కూర్చునే చోట, మధ్యలో కాస్త ఎడమిచ్చి రెండు పొరలు వేయాలి. బయటి నుంచి గోరు పెట్టి లాగే ప్రమాదం తప్పుతుంది. గూడు నేల మీద కాకుండా కాళ్ళ మీద ఎత్తుగా ఉండాలి. పైకప్పు ముందుకు చాచి ఉండాలి. లోపలికి తోసుకుపోగలిగి బయటికి రాలేని తీగల తలుపు బిగించాలి. పావురం తలుపు దగ్గర తచ్చాడే ఒక్కొక్క నిమిషం శిక్రాకు దొరికే అవకాశం. గూటికి దగ్గరగా, డేగ చాటుగా కూర్చోవడానికి వీలైన కొమ్మల్ని కత్తిరించాలి. చెట్టు మొత్తాన్ని కొట్టేయక్కర్లేదు.

లక్కా వంటి అలంకార పావురాలు పెద్ద తోకతో వేగంగా ఎగరలేవు. తెల్లగా ఉండి దూరం నుంచే కనబడతాయి. వాటిని బయట వదలడం కంటే, మూడువైపులా పైనా జాలీ ఉన్న విశాలమైన ఆవరణలో తిప్పడం వాటికీ సుఖం, యజమానికీ నిశ్చింత. వల కడితే బిగుతుగా లాగి కట్టాలి. వదులు వలలో పావురమూ డేగా రెండూ చిక్కుకుని చస్తాయి.

ఎగరేసే వేళ, ఎగరేసే తీరు

గూట్లో ఉన్నదాన్ని పూర్తిగా కాపాడవచ్చు. ఆకాశంలో ఉన్నదాన్ని పూర్తిగా కాపాడలేం. ప్రమాదాన్ని మాత్రం చాలా తగ్గించవచ్చు.

రోజూ ఒకే గంటకు వదిలితే డేగకు ఆ వేళ తెలిసిపోతుంది. వేళ మారుస్తూ ఉండాలి. తెల్లవారగానే, పొద్దు వాలే ముందు డేగలు ఆకలి మీద ఉంటాయి. ఎండెక్కాక వదలడం మేలు. మేత పెట్టి వదిలితే పావురాలు డాబా మీద బద్ధకంగా కూర్చుంటాయి. మేతకు ముందు వదిలి, గింజల డబ్బా చప్పుడుకు వెంటనే లోపలికి వచ్చే అలవాటు చేయాలి. శిక్రా దాడుల్లో ఎక్కువ భాగం కూర్చున్నవాటి మీదే కాబట్టి, ఎగరడమో గూట్లో ఉండటమో రెండే ఉండాలి. మధ్యలో కాలక్షేపం ఉండకూడదు.

దాడి జరిగిన రోజు నుంచి వారం పదిరోజులు మొత్తం గుంపును మూసి ఉంచాలి. ఒకసారి వేట దొరికిన చోటుకు డేగ మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళు ఉత్తచేతులతో తిరిగితే దారి మార్చుకుంటుంది. పిల్లలున్న జంటల్ని, ఈకలు రాలుస్తున్నవాటిని, జబ్బు నుంచి కోలుకుంటున్నవాటిని ఆ దశలో వదలకూడదు. శీతాకాలంలో వలస బైరి డేగలు ఉంటాయి, వేసవి మొదట్లో శిక్రా పిల్లల్ని మేపుతూ ఉంటుంది. ఆ నెలల్లో కొత్త పిల్లలకు శిక్షణ మొదలుపెట్టకపోవడం మంచిది.

డేగ గోరు తగిలి బతికి వచ్చిన పావురానికి పైకి చిన్న రంధ్రమే కనబడినా లోపల చీము పడుతుంది. ఈకలు తొలగించి, గాయం కడిగి, అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

గుంపు, రంగు

సైన్సు పెంపకందార్లకు సూటిగా ఉపయోగపడిన సంగతులు ఇక్కడున్నాయి. రాబర్ట్ కెన్‌వర్డ్ 1978లో ప్రచురించిన పరిశోధనలో, శిక్షణ పొందిన గోషాక్ డేగను అడవి పావురాల మీదికి వదిలి చూశాడు. ఒంటరి పావురం మీద చేసిన దాడుల్లో సుమారు ఎనభై శాతం ఫలించాయి. యాభైకి మించిన గుంపు మీద ఫలించినవి పది శాతం దరిదాపుల్లోనే. గుంపు పెద్దదైతే కళ్ళు ఎక్కువ, డేగను దూరం నుంచే పసిగడుతుంది. కాబట్టి రెండు మూడు పావురాల్ని విడిగా వదలడం మానుకోవాలి. ఆరితేరినవాటితో కలిపే పిల్లల్ని వదలాలి.

2021లో బ్రిటన్‌లో డేగ ఆకారంలో ఉన్న రోబోను హోమర్ పావురాల గుంపు మీదికి పంపి, ప్రతి పావురం కదలికనూ జీపీఎస్‌తో నమోదు చేశారు. పావురాలు గుంపు మధ్యలోకి దూరి దాక్కోవాలని చూడలేదు. పక్కవాటితో దిశ కలుపుకుని, అన్నీ ఒక్కటిగా మలుపు తిరిగాయి. ఒకే గూట్లో పెరిగి, రోజూ కలిసి ఎగిరే గుంపుకు ఆ పొందిక బాగా కుదురుతుంది. సంతలో కొన్న కొత్త పక్షిని అలవాటు కాకముందే ఆకాశంలోకి పంపడం దాన్ని డేగకు అప్పగించడమే.

రంగు విషయంలో కాలిఫోర్నియాలో ఆల్బర్టో పల్లెరోని బృందం చేసిన పని ప్రసిద్ధం. ఏళ్ళ తరబడి వెయ్యికి పైగా బైరి డేగ దాడుల్ని గమనించి 2005లో ‘నేచర్’ పత్రికలో ఫలితం వెల్లడించారు. నడుము మీద తెల్లమచ్చ ఉన్న బూడిదరంగు పావురాలు, అంటే మూలజాతి రంగువి, డేగకు చాలా అరుదుగా చిక్కాయి. ఆ తెల్ల ఈకల్ని తీసి వేరే రంగు పావురాలకు అతికించి చూస్తే అదృష్టం కూడా వాటితో పాటే మారింది. పావురం పక్కకు ఒరిగి తప్పించుకునే క్షణంలో ఆ తెల్లమచ్చ మెరుపు డేగ చూపును తప్పిస్తుందని వాళ్ళ వివరణ. హాంబర్గ్ నగరంలో గోషాక్‌ల మీద క్రిస్టియన్ రుట్జ్ చేసిన పరిశోధన దీనికి మరో వైపు చూపింది. గుంపులో వేరుగా కనబడే రంగు పావురాన్ని ఎంచుకునే డేగలు వేటలోనూ పిల్లల పెంపకంలోనూ ముందున్నాయి. బూడిదరంగు గుంపులో ఒక్క తెల్ల పావురాన్ని ఎగరేయకూడదని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

మిగిలే నష్టం, మిగిలే బాధ్యత

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏడాదిలో ఒకటో రెండో పావురాలు పోవచ్చు. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిక చేసి మాట్లాడే పక్షిప్రేమికుల తీరు నాకు నచ్చదు. పావురం మీద ప్రేమ కూడా పక్షిప్రేమే. దానితో పాటు డేగ గూట్లోనూ పిల్లలు ఉంటాయని, వాటికి గింజలు తిని బతికే వీలు లేదని ఒప్పుకోక తప్పదు.

శిబి చక్రవర్తి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందులో డేగ వచ్చి, పావురం నా ఆహారం, దాన్ని కాపాడితే నా ఆకలి మాటేమిటని రాజును నిలదీస్తుంది. రాజు డేగను చంపమని భటులకు చెప్పలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకుని, శరణిచ్చింది తాను కాబట్టి మూల్యం తానే చెల్లించాడు. పావురాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నవాడు మనిషి. దానికి గూడు కట్టే ఖర్చు, వేళ చూసుకునే శ్రమ, కొన్నాళ్ళు ఎగరేయకుండా ఓర్చుకునే త్యాగం అతను మోయవలసినవే.

పెంపకందార్ల సంఘాలు ఈ దిశగా చేయగలిగింది చాలా ఉంది. ప్రతి సభ్యుడూ పోయిన పావురం రంగు, వయసు, పోయిన వేళ, కళ్ళారా చూసిన కారణం ఒక పుస్తకంలో రాస్తే, రెండేళ్ళలో మన ప్రాంతానికి సొంత లెక్క తయారవుతుంది. నాగపూర్ వైపు నుంచి చెన్నైకి ఎగిరే పందెం పావురాలు తెలంగాణ, ఆంధ్ర మీదుగానే రావాలి. పందేల తేదీలు, వదిలే చోట్లు నిర్ణయించేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. కొత్తగా చేరే కుర్రవాడికి పావురాన్ని ఇచ్చే ముందు జాలీ బిగించడం నేర్పాలి. డేగ మీద రాయి విసిరే సభ్యుణ్ణి పెద్దలే ఆపాలి. ఇవి ప్రభుత్వం వచ్చి చేసే పనులు కావు, మన డాబాల మీద మనమే చేసుకోవలసినవి. గూడు గట్టిగా ఉండి, ఎగరేసే చేతికి వేళ తెలిస్తే, పావురాల గుంపు నిండుగా ఉంటుంది. దాని కోసం డేగ చావాల్సిన పని లేదు.